ఎయిర్ రైఫిల్‌కు సరైన సైజు పెల్లెట్: 4.49, 4.50, 4.51లలో మీ బ్యారెల్‌కు ఏది?

హసన్‌పర్తి అవతల మా రేకుల షెడ్డులో ఒకప్పుడు బ్రాయిలర్ కోళ్లు పెంచేవాళ్లం. ఇప్పుడు అందులో ఒక చివర టేబుళ్లు, పది మీటర్ల దూరాన రెండో చివర నాలుగు టార్గెట్లు ఉన్నాయి. సాయంత్రం పూట పిల్లలకు అక్కడే ఎయిర్ రైఫిల్ నేర్పుతాను. కొత్తగా చేరిన వాళ్లలో నూటికి తొంభై మంది అడిగే ప్రశ్న ఒకటుంది. పోయిన నెల పరకాల నుంచి వచ్చే అమ్మాయి కూడా అదే అడిగింది: "అన్నా, డబ్బా మీద ఫోర్ పాయింట్ ఫైవ్ అనే ఉంది గదా. మళ్ల ఈ నలభై తొమ్మిది, యాభై ఒకటి ఏంది? ఏదైతేంది?"

ఏదో ఒకటి అయితే సరిపోదు. అలాగని షాపువాడు చెప్పినదో, పక్క షూటర్ వాడేదో కొనేస్తే కూడా పని కాదు. పెల్లెట్ అంటే గన్‌లో వేసే చిన్న సీసపు తూటా. దాని సైజు తేల్చాల్సింది మీ బ్యారెల్. ఆ బ్యారెల్‌ను ఓపిగ్గా అడిగి, అది చెప్పినదాన్ని నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఆ అడగడం ఎలాగో మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. ఇది పది మీటర్ల కాగితం టార్గెట్ మీద కొట్టేవాళ్ల కోసం. పిట్టల మీద, కోతుల మీద గురిపెట్టే ఆలోచన ఉన్నవాళ్లకు నేను ఏమీ నేర్పను. అడవి పిట్టల్లో, జంతువుల్లో చాలావాటిని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

ముందుగా గన్ సంగతి

మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. క్యాలిబర్‌తో (అంటే బ్యారెల్ లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. గుర్తింపు కార్డు చూపించి, బిల్లు తీసుకుని కొనండి. ఆ బిల్లు ఒక కాపీ గన్ సంచిలోనే పెట్టుకోండి, ప్రయాణంలో ఎవరైనా ఆపి అడిగితే టెన్షన్ ఉండదు. పోటీల్లో వాడే రైఫిళ్ల శక్తి ఆ పరిమితిలో సగం కూడా ఉండదు. 0.53 గ్రాముల పెల్లెట్‌ను సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో పంపిస్తాయి. అంటే ఏడున్నర జౌళ్ల చుట్టూ.

మీ బ్యారెల్ మీద లేదా బాడీ మీద ఏం చెక్కి ఉందో చూడండి. 0.177 అని ఉన్నా, 4.5 మి.మీ. అని ఉన్నా రెండూ ఒకటే, ఒకటి అంగుళాల్లో, ఇంకొకటి మిల్లీమీటర్లలో. 0.22 అని ఉంటే అది 5.5 మి.మీ. గన్. దానికి పోటీల్లో చోటు లేదు, ఈ పెల్లెట్లు దానికి పనికిరావు.

ఇంకొక జాగ్రత్త. 4.5 మి.మీ. అని రాసి గుండ్రటి స్టీల్ గుండ్లు కూడా అమ్ముతారు. లోపల మెలిక గాడులున్న బ్యారెల్‌లో వాటిని వేయకండి. సీసం మెత్తన కాబట్టి గాడికి తగ్గట్టు తానే ఒదుగుతుంది. ఉక్కు ఒదగదు, గాడినే అరగదీస్తుంది. ఒక పిల్లాడు వేసవి సెలవుల్లో అలా రెండు డబ్బాలు కొట్టి తెచ్చాడు. ఆ బ్యారెల్‌తో మళ్లీ మంచి గ్రూపు రాలేదు, అంటే వరుసగా కొట్టిన చిల్లులు దగ్గరదగ్గరగా పడలేదు.

మిల్లీమీటరులో వందో వంతుకు అంత పట్టింపు ఎందుకు?

ఇక్కడ కాస్త ఆగి పెల్లెట్‌ను దగ్గరగా చూడాలి. గోరు మీద నిలబెట్టి భూతద్దంలో చూస్తే బుడబుక్కల వాడి డమరుకంలా ఉంటుంది. ముందు చదునైన తల, మధ్యలో సన్నటి నడుము, వెనక బోలుగా విచ్చుకున్న స్కర్ట్. తల పని ఒకటి, స్కర్ట్ పని ఇంకొకటి.

స్కర్ట్ పని అర్థం కావాలంటే ఊళ్లో బోరింగ్ గుర్తు తెచ్చుకోండి. బోరింగ్ లోపల తోలు వాషర్ ఉంటుంది. నీటి ఒత్తిడి పడ్డప్పుడు దాని అంచు విచ్చుకుని పైపు గోడకు అతుక్కుంటుంది, అందుకే నీళ్లు పైకి వస్తాయి. వాషర్ అరిగితే ఎంత కొట్టినా నీళ్లు రావు. పెల్లెట్ స్కర్ట్ కూడా అంతే. వెనక నుంచి గాలి తన్నగానే విచ్చుకుని బ్యారెల్ గోడకు అంటుకుంటుంది, గాలి పక్క నుంచి జారిపోకుండా ఆపుతుంది.

తల పని దారి చూపించడం. బ్యారెల్ లోపల మెలిక తిరిగిన గాడులు, వాటి మధ్య గట్లు ఉంటాయి. తల ఆ గట్ల మీద ఆనుకుని నడుస్తుంది. తల మరీ చిన్నదైతే లోపల అటూ ఇటూ ఊగుతూ వెళ్లి, ఒక్కో షాటుకు ఒక్కో వాలులో బయటపడుతుంది. మరీ పెద్దదైతే సీసం ఎక్కువ ఒరుసుకుని ఆకారం చెడుతుంది, వేగం కూడా షాటు షాటుకూ మారుతుంది. డబ్బా మీద రాసే 4.49, 4.50, 4.51 ఈ తల కొలతే.

మూతి నుంచి మందు దట్టించే పాత తుపాకుల్లో ఇదే సమస్యను ఇంకో రకంగా తీర్చేవారు. 12.7 మి.మీ. గొట్టానికి 12.45 మి.మీ. సీసపు గుండు తీసుకుని, దాన్ని సుమారు 0.4 మి.మీ. మందం ఉన్న, కొవ్వు రాసిన నూలు బట్టలో చుట్టి లోపలికి దిగ్గొట్టేవారు. గుండుకూ గొట్టానికీ మధ్య ఉన్న సందును ఆ బట్ట నింపేది, గాడులను పట్టుకునేది కూడా అదే. గుండు సైజు మారిస్తే బట్ట మందం కూడా మార్చాలి. మన పెల్లెట్‌కు బట్ట లేదు. తలా స్కర్టే ఆ పని కూడా చేయాలి. అందుకే వందో వంతు దగ్గర కూడా తేడా పడుతుంది.

ఇంతకీ ఒకే క్యాలిబర్ బ్యారెళ్లకు వేర్వేరు సైజులు ఎందుకంటే, ఏ రెండు బ్యారెళ్లూ అచ్చం ఒకేలా ఉండవు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ఏడాదివైనా సరే. మా షెడ్డులో ఒకే మోడల్ రైఫిళ్లు రెండున్నాయి. ఒకటి 4.49తో బాగుంటుంది, రెండోది 4.50 అడుగుతుంది.

డబ్బా చదవడం

మూత తెరవకముందే నాలుగు సంగతులు చూడాలి.

తల ఆకారం: కాగితం టార్గెట్‌కు చదును తలే. అది పంచింగ్ మెషీన్‌లా గుండ్రంగా కోసినట్టు చిల్లు పెడుతుంది. సూది తల కాగితాన్ని చించుతుంది, స్కోరు లెక్కపెట్టడం కష్టం.

బరువు: రైఫిల్‌కు 0.53 గ్రాములు, పిస్టల్‌కు 0.45 నుంచి 0.49 గ్రాముల మధ్య వాడటం మామూలు. తక్కువ శక్తి ఉన్న స్ప్రింగ్ రైఫిల్ (స్ప్రింగ్ తోసే పిస్టన్ గాలితో పేలేది) అయితే తేలిక పెల్లెట్‌ను కూడా పరీక్షలో పెట్టండి.

తల కొలత: కొన్ని డబ్బాల మీద ముద్రించి ఉంటుంది, కొన్నిటి అడుగున చిన్న స్టిక్కర్ ఉంటుంది. చవక డబ్బాల మీద వట్టి 4.5 అని మాత్రమే ఉంటుంది. అంటే లోపల కలగాపులగంగా ఉండొచ్చు.

లాట్ నంబరు: ఒక విడతలో తయారైన సరుకుకు వేసే నంబరు. చాలామంది చూడనిది ఇదే, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే. పెల్లెట్లు అచ్చుల్లో తయారవుతాయి. అచ్చు అరుగుతుంది, మారుస్తారు, సీసం దిమ్మ మారుతుంది. అదే బ్రాండ్, అదే 4.50, కానీ వేరే లాట్ అయితే అది మీ బ్యారెల్‌కు వేరే పెల్లెట్ కిందే లెక్క.

ఇది నాకు గట్టిగా తెలిసొచ్చింది ఒక పోటీలో. గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్‌లో మా పిల్లలు కొట్టాలి. ముందు రోజు చూస్తే డబ్బాలో ముప్పై పెల్లెట్లు కూడా లేవు. నగరంలో ఒక షాపుకు పోయి అదే బ్రాండ్, అదే సైజు అడిగాను. "సేమ్ సార్, కళ్లు మూసుకుని తీసుకోండి" అని ఇచ్చాడు. లాట్ చూడకుండా తీసుకున్నాను, తప్పు నాది కూడా. మర్నాడు మా అబ్బాయి చక్కగా నిలబడి, చక్కగా ట్రిగ్గర్ లాగి, పదులు రావాల్సిన చోట తొమ్మిదులు కొడుతున్నాడు. మొదటి పది షాట్లూ తన లోపమే అనుకుని వాడు కంగారుపడ్డాడు. వాడి ముఖం నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి సీజన్ మొదట్లోనే ఒకే లాట్‌వి సరిపడా డబ్బాలు తీసి పక్కన పెడతాను.

మీకు ఇది నిజంగా ఎప్పుడు అవసరం?

ఇక్కడ ఖర్చు గురించి నిజాయితీగా చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు జేబులోంచి పెడుతున్న డబ్బు అది.

పది మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది రింగు అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే పది. అంటే పెల్లెట్ మధ్యభాగం కేంద్రం నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపల పడాలి. అక్కడి నుంచి లోపలికి ప్రతి పావు మిల్లీమీటరుకు ఒక దశాంశం పెరిగి 10.9 దాకా పోతుంది. అరవై షాట్లకు గరిష్ఠం 654.

ఇప్పుడు కొత్త షూటర్ సంగతి చూద్దాం. చేయి ఊగడం వల్లనే అతని గ్రూపు 10 మి.మీ. వెడల్పు వస్తుందనుకోండి. బ్యారెల్‌కు నప్పిన పెల్లెట్ తన వంతుగా 2 మి.మీ. చెదురు, నప్పనిది 3 మి.మీ. చెదురు కలుపుతుంది. ఈ రెండు రకాల చెదురు నేరుగా కూడవు. ఒక్కోదాన్ని వర్గం చేసి, కలిపి, వర్గమూలం తీయాలి. లెక్కేస్తే మొదటి దానికి 10.2, రెండోదానికి 10.4 మి.మీ. వస్తుంది. తేడా మిల్లీమీటరులో అయిదో వంతు. ఆ స్థాయిలో ఉన్న పిల్లలకు ఖరీదైన డబ్బాలు కొని ఇవ్వడం దండగ. ఆ డబ్బుతో మంచి జాకెట్ కొనివ్వండి, లేదా ఇంకో నెల కోచింగ్ ఫీజు కట్టండి.

అదే చేయి ఊగడం 4 మి.మీ.కు తగ్గిందనుకోండి. నప్పిన పెల్లెట్‌తో 4.5, నప్పని దానితో 5 మి.మీ. అప్పుడు ప్రతి దశాంశానికీ విలువ ఉంటుంది. కాబట్టి నిలబడి కొట్టిన సగటు షాటు పది దాటాకే పూర్తి పరీక్షకు కూర్చోండి. అప్పటిదాకా కింద చెప్పిన మొదటి రెండు మెట్లు చాలు.

మొదటి మెట్టు: బొటనవేలితో

మూడు సైజుల నుంచి అయిదేసి పెల్లెట్లు తీసుకోండి. బ్యారెల్ వంచే స్ప్రింగ్ గన్ అయితే పెల్లెట్‌ను బ్యారెల్ వెనక రంధ్రంలో పెట్టి బొటనవేలితో నొక్కండి. నొక్కకుండానే జారి లోపలికి పోయిందంటే చిన్నది. గోరు పెట్టి పొడిస్తే గానీ పోలేదంటే, స్కర్ట్ అంచు వంగిందంటే పెద్దది. మెత్తగా, కొంచెం అడ్డం చెబుతూ వెళ్లి, స్కర్ట్ అంచు బ్యారెల్ ముఖానికి సమంగా ఆగాలి. వీలైనవాళ్లు కళ్లు మూసుకుని చేయండి, వేలికి తేడా బాగా తెలుస్తుంది. ఇది చేస్తున్నంతసేపూ ఒక చేత్తో బ్యారెల్‌ను గట్టిగా పట్టుకునే ఉండండి, ట్రిగ్గర్ జోలికి పోవద్దు. వంచిన బ్యారెల్ విదిలించుకుని మూసుకుంటే వేళ్లు నలిగిపోతాయి.

స్ప్రింగ్ గన్ వాళ్లు లూజు పెల్లెట్‌ను ఇక్కడే పక్కన పెట్టేయాలి. పెల్లెట్ అడ్డం చెప్పకపోతే లోపలి పిస్టన్‌కు ముందు గాలి దిండు ఉండదు, పోయి చివరికి ఢీకొంటుంది. ఖాళీగా పేల్చినట్టే. పిస్టన్ మీద గాలి పోకుండా ఆపే సీల్ తొందరగా పాడవుతుంది.

పోటీల్లో వాడే గాలి సిలిండర్ రైఫిళ్లలో వేలు పెట్టే వీలు ఉండదు. పెల్లెట్ గూట్లో పెట్టి లివర్ మెల్లగా ముందుకు తోస్తుంటే, చివర్లో తల గాడుల్లోకి దిగేటప్పుడు చిన్న బిగింపు తెలుస్తుంది. అయిదింటికీ ఒకేలా తెలియాలి. ఒకటి బిగుతుగా, ఇంకొకటి వదులుగా ఉంటే ఆ డబ్బాలోనే నిలకడ లేదన్నమాట.

రెండో మెట్టు: గాజు పలక మీద దొర్లించడం

ఇది పిల్లలకు చాలా ఇష్టం. ఫోటో ఫ్రేమ్ గాజును ఒక పక్క పుస్తకం పెట్టి కాస్త వాలుగా ఉంచండి. పెల్లెట్‌ను పక్కకు పడుకోబెట్టి పైనుంచి వదలండి. స్కర్ట్ తల కంటే కొంచెం వెడల్పు కాబట్టి అది నేరుగా రాదు, వంపు తిరుగుతూ వస్తుంది. మంచి డబ్బాలోని పెల్లెట్లన్నీ ఇంచుమించు ఒకే వంపు తిరిగి ఒకే చోట దిగుతాయి. తల కొలతో, స్కర్ట్ కొలతో తేడా ఉన్నది వేరే చోట దిగుతుంది. నొక్కుపడ్డది తడబడుతూ, ఆగుతూ వస్తుంది.

ఒక డబ్బా నుంచి యాభై తీసి దొర్లించండి. నలభై అయిదు ఒకే చోట దిగితే ఆ డబ్బా పరీక్షకు పనికొస్తుంది. చెల్లాచెదురుగా దిగితే అది ప్రాక్టీసుకు సరే, దాని మీద ఎక్కువ పరీక్షలు చేసి సమయం పోగొట్టుకోకండి. ఏరి పక్కన పెట్టిన వాటిని పారేయక్కర్లేదు, కొత్తగా నేర్చుకునే వాళ్లు ట్రిగ్గర్ అలవాటుకు కొట్టుకుంటారు.

కొందరు బంగారం షాపు తరహా మిల్లీగ్రాముల కాటా కొని ఒక్కొక్కటీ తూస్తారు. తూచినందుకు నష్టం లేదు గానీ, పది మీటర్ల దూరానికి దొర్లించి ఏరడం వల్ల నాకు కలిగిన లాభం తూచడంలో కనిపించలేదు. మైక్రోమీటర్‌తో తల కొలవడం మాత్రం మానేయండి. సీసం మెత్తన కాబట్టి మీరు బిగించిన కొద్దీ అది నొక్కుకుని మీరు కోరుకున్న అంకె చూపిస్తుంది.

మూడో మెట్టు: బ్యారెల్ శుభ్రం

మురికి బ్యారెల్‌ను ప్రశ్న అడిగితే తప్పు జవాబు వస్తుంది. బ్యారెల్ తుడిచే ఫెల్ట్ (ఉన్ని లాంటి మెత్తటి గుడ్డ) ఉండలు దొరుకుతాయి, వాటిని వెనక నుంచి ముందుకు తోయండి. నల్లగా వస్తున్నంతసేపు మార్చండి. లోహపు బ్రష్ వద్దు. శుభ్రం చేశాక మొదటి ఇరవై, ముప్పై షాట్లు లెక్కలోకి తీసుకోకండి. బ్యారెల్ లోపల సన్నటి సీసపు పొర మళ్లీ పరుచుకున్నాకే అది నిలకడకు వస్తుంది.

నాలుగో మెట్టు: గన్‌ను కదలకుండా నిలపడం

గాలి సిలిండర్ రైఫిల్ అయితే బెంచి వైస్‌లో రబ్బరు ముక్కలు వేసి స్టాక్ (భుజానికి ఆనించే భాగం) దగ్గర పట్టించండి. బ్యారెల్‌ను గానీ సిలిండర్‌ను గానీ బిగించకూడదు. వాటి మీద ఒత్తిడి పడితే గురి జరుగుతుంది, మీరు పెల్లెట్‌ను కాక వైస్‌ను పరీక్షించినట్టు అవుతుంది. వైస్ లేకపోతే రెండు గుడ్డ సంచుల్లో బియ్యమో ఇసుకో నింపి ముందొకటి, వెనకొకటి పెట్టి, కూర్చుని కొట్టండి. నేను మొదట్లో అలాగే చేశాను, బాగానే పనిచేసింది. సంచి ముప్పావు వంతే నింపాలి, అప్పుడే గన్ అందులో కూరుకుంటుంది.

స్ప్రింగ్ గన్‌ను మాత్రం వైస్‌లో పెట్టొద్దు. అది పేలేటప్పుడు ముందుకూ వెనక్కూ ఎగురుతుంది. ప్రతిసారీ ఒకేలా ఎగిరితేనే గ్రూపు వస్తుంది. అరచేయి చాచి, దాని మీద గన్‌ను వదులుగా ఆనించి, ఎగిరినంత ఎగరనివ్వండి. చేయి పెట్టే చోట చిన్న టేపు ముక్క అంటించి, ప్రతిసారీ అక్కడే పెట్టండి.

మా షెడ్డులో మే నెల మధ్యాహ్నం రేకుల కింద నిలబడలేం. ఆ వేడికి స్ప్రింగ్ గన్ లోపలి గ్రీజు పల్చబడుతుంది, మనిషికి చెమటలు, కళ్లు మసకలు. పరీక్షలన్నీ ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిది లోపు ముగిస్తాం. ఫ్యాన్ ఆపేస్తాం. పది మీటర్లు పెల్లెట్‌కు 0.06 సెకన్ల ప్రయాణమే అయినా, దారికి అడ్డంగా గాలి తోలే ఫ్యాన్ పెట్టుకుని మిల్లీమీటర్లు కొలవడంలో అర్థం లేదు.

టార్గెట్ వెనక సీసాన్ని ఆపే ఇనుప పెట్టె, దాని వెనక ఇటుక గోడ, పక్క దారిలో ఎవరూ రాకుండా తాడు. ఇవి లేకుండా పరీక్ష మొదలుపెట్టొద్దు. అందరి కళ్లకూ అద్దాలు ఉండాలి.

అయిదో మెట్టు: గ్రూపులు కొట్టడం

అసలు పని ఇది. ఓపిక అంతా ఇక్కడ కావాలి.

ఒక్కో సైజుకు పదేసి షాట్ల గ్రూపులు మూడు. మూడు సైజులకు తొంభై షాట్లు. అయిదు షాట్లు కొట్టి "ఇది సూపర్" అనేవాళ్లను చాలామందిని చూశాను. ఒకే డబ్బా నుంచి కొట్టిన రెండు అయిదేసి గ్రూపులే ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. ఒకసారి వరుసగా పది కొట్టి చూడండి, అయిదు దగ్గర ఆగినప్పుడు ఏమనుకున్నారో, పది దగ్గర ఏమైందో మీకే తెలుస్తుంది.

వరుస కూడా ముఖ్యం. మొదట 4.49వి అన్నీ, చివర 4.51వి అన్నీ కొడితే, చివరికొచ్చేసరికి ఎండ పెరుగుతుంది, సిలిండర్‌లో గాలి తగ్గుతుంది, మీరూ అలిసిపోతారు. ఆ భారమంతా 4.51 మీద పడుతుంది. అందుకని మొదటి విడత 4.49, 4.50, 4.51. రెండో విడత తిరగేసి 4.51, 4.50, 4.49. మూడో విడత 4.50తో మొదలుపెట్టండి. సైజు మార్చిన ప్రతిసారీ మొదటి అయిదు షాట్లు పక్క టార్గెట్ మీద కొట్టి వదిలేయండి. సిలిండర్ గాలి మీటర్ ముల్లు ఎక్కడుందో ప్రతి విడతకూ రాయండి. 200 బార్ గాలి ఒత్తిడి దాకా నింపి మొదలుపెడితే మధ్యలో ఆగే పని ఉండదు.

గురిచూసే సైట్‌ను ముట్టుకోవద్దు. గ్రూపు పది రింగులో పడకపోయినా ఫర్వాలేదు. మనకు కావాల్సింది చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయన్నది, ఎక్కడ పడ్డాయన్నది కాదు. అసలు కేంద్రం నుంచి పక్కకు జరిపి కొడితేనే మంచిది, గురిపెట్టే నల్ల వృత్తం చిరగకుండా ఉంటుంది. కాగితం వెనక అట్ట ముక్క పెట్టండి, చిల్లు అంచులు చక్కగా వస్తాయి.

ఆరో మెట్టు: కొలవడం

గ్రూపులో అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు చిల్లుల బయటి అంచు నుంచి బయటి అంచుకు వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. అందులోంచి 4.5 తీసేస్తే మధ్య నుంచి మధ్యకు దూరం వస్తుంది. కాగితం చిల్లు నిజానికి పెల్లెట్ కంటే కాస్త చిన్నగా కనిపిస్తుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. అన్ని గ్రూపులనూ ఒకే రకం కాగితం మీద కొట్టి, ఒకే మనిషి, ఒకే పద్ధతిలో కొలిస్తే పోలిక సరిగ్గానే ఉంటుంది.

ఉదాహరణకు బయటి అంచుల కొలతలు ఇలా వచ్చాయనుకుందాం. 4.49కు 6.8, 7.1, 6.5. 4.50కు 6.0, 6.3, 5.9. 4.51కు 5.8, 7.9, 6.2. పిల్లలను అడిగితే చాలామంది 5.8 చూసి 4.51 అంటారు. నేను 4.50 అంటాను. 4.51లో ఒక గ్రూపు 7.9కు పోయింది. ఆ డబ్బాలో ఎక్కడో ఒకటి అరా మిగతావాటితో కలవని పెల్లెట్లు ఉన్నాయి, అది పోటీలో ఎన్నో షాటుకు వస్తుందో తెలియదు. మూడు సార్లూ దగ్గర దగ్గరగా వచ్చినదాన్నే నమ్మాలి.

చిల్లుల ఆకారం కూడా చూడండి. తొమ్మిది ఒకే చోట పడి ఒకటి బయటికి పోతే చెడ్డ పెల్లెట్ కావచ్చు, దొర్లించి ఏరిన వాటితో మళ్లీ కొట్టి చూడండి. పది కూడా అన్ని వైపులా సమంగా చెదిరితే సైజు నప్పలేదని అనుకోవచ్చు. నిలువుగా గీతలా పరుచుకుంటే వేగం మారుతోందని అర్థం. అప్పుడు పెల్లెట్‌ను తప్పుపట్టే ముందు సిలిండర్ గాలి, ఆ గాలి ఒత్తిడిని సమంగా ఉంచే రెగ్యులేటర్, స్ప్రింగ్ గన్ అయితే సీల్ చూడండి.

రెండు సైజులు సమానంగా వస్తే? ఇంకో రోజు ఆ రెండింటితోనే మళ్లీ ముప్పై ముప్పై కొట్టండి. అప్పుడూ సమానమే అయితే ఏది తేలిగ్గా దొరుకుతుందో అది తీసుకోండి. మన వరంగల్, కరీంనగర్ వైపు షాపుల్లో మ్యాచ్ పెల్లెట్లు (పోటీల్లో వాడేవి) అన్ని సైజుల్లో దొరకవు, హైదరాబాద్ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి. దొరకని సైజు మీద ఆధారపడితే సీజన్ మధ్యలో ఇబ్బంది పడతారు.

ఏడో మెట్టు: కొనడం, దాచడం

తేలిన సైజు, తేలిన లాట్, ఆ రెండూ కలిసిన డబ్బాలు సీజన్‌కు సరిపడా ఒకేసారి తీసుకోండి. మామూలుగా డబ్బాకు 500 ఉంటాయి. వారానికి ఒకరోజు అరవై షాట్ల మ్యాచ్ ప్రాక్టీసు, నెలకో పోటీ అనుకుంటే నెలకు సుమారు ఒక డబ్బా. రోజువారీ ప్రాక్టీసుకు అదే బరువున్న చవక డబ్బా వాడండి. పోటీకి వారం ముందు మ్యాచ్ డబ్బాకు మారి సైట్ సరిచూసుకోండి. పెల్లెట్ మారితే గ్రూపు పడే చోటు కూడా మారుతుంది.

హైదరాబాద్ నుంచి బస్సులో తెచ్చేటప్పుడు డబ్బాను బ్యాగు అడుగున వేయకండి. డబ్బా సగం ఖాళీగా ఉంటే ప్రతి గుంతకూ పెల్లెట్లు ఒకదానికొకటి కొట్టుకుని స్కర్టులు నొక్కుకుపోతాయి. మూత కింద స్పాంజి ముక్క కోసి పెట్టండి, లోపల ఏదీ కదలకూడదు. నేను డబ్బాను టవల్‌లో చుట్టి ఒళ్లో పెట్టుకుని తెస్తాను.

వానాకాలం మన దగ్గర సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. గాలి చొరబడని స్టీలు డబ్బాలో, పక్కన సిలికా జెల్ పొట్లంతో పెడితే ఆ బాధ తగ్గుతుంది. తెల్లబడ్డ పెల్లెట్లను పోటీకి వాడకండి. ఆ పొడిని నోటితో ఊదకండి.

ఇక పిల్లల విషయం. సీసం విషం. గురి చూస్తూ రెండు పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకునే అలవాటు కొందరిలో చూశాను, కనబడ్డ వెంటనే మాన్పించండి. ప్రాక్టీసు అవ్వగానే సబ్బుతో, చల్లని నీళ్లతో చేతులు కడిగించి ఆ తర్వాతే బిస్కెట్ అయినా, చాయ్ అయినా. పెట్టెలో పడ్డ సీసాన్ని పొడి చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తీసి మూతున్న డబ్బాలో వేసి పాత లోహం కొనేవాళ్లకు ఇవ్వండి.

మా షెడ్డులో ప్రతి రైఫిల్‌కూ ఒక చిన్న నోట్‌బుక్ కట్టి ఉంటుంది. మొదటి పేజీలో రైఫిల్ నంబరు, కింద తేదీ, డబ్బా సైజు, లాట్, మూడు గ్రూపుల కొలతలు, ఆ రోజు ఎండ ఎంతో. పరకాల అమ్మాయి తన రైఫిల్ పుస్తకంలో పోయిన ఆదివారం మొదటి వరుస నింపింది. 4.50 ఎదురుగా టిక్కు పెట్టి, పక్కన లాట్ నంబరును రెండుసార్లు సరిచూసి రాసుకుంది.